ఓడ ఎక్కిన మనిషి, పాసు అడిగిన ఊరు



మా హాస్టల్లో విదేశీ చదువు మాటొస్తే "అది మనకెందుకురా" అంటారు. అందుకే మూడు సంగతులు రాస్తున్నా. మూడూ 1920ల నాటివే.

మొదటిది. మా పిట్టలవానిపాలేనికి దగ్గర్లోనే నిడుబ్రోలు ఉంది. ఆ ఊరి రైతుబిడ్డ ఎన్.జి. రంగా గారు ఓడెక్కి ఇంగ్లాండు వెళ్లి, ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్థికశాస్త్రం చదివారు.

రెండోది జైపాల్ సింగ్ ముండా గారి కథ. ఇప్పటి జార్ఖండ్‌లో ఖుంటి దగ్గర టక్రా ఆయన ఊరు. రాంచీ మిషన్ స్కూల్లో చదువుతుంటే ఆ స్కూలు ప్రిన్సిపాలే ఆయన్ని ఇంగ్లాండు తీసుకెళ్లారు. ఆయన కూడా ఆక్స్‌ఫర్డే చేరారు. ఐసీఎస్‌కి ఎంపికయ్యారు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కి భారత హాకీ కెప్టెన్ అయ్యారు. ఐసీఎస్ వాళ్లు సెలవివ్వలేదు. అయినా ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లారు. ఫైనల్ నాటికి ఆయన జట్టులో లేరు గానీ మన జట్టు మొత్తం 29 గోల్స్ కొట్టి, ఒక్కటి కూడా ఇవ్వకుండా హాకీలో దేశానికి తొలి స్వర్ణం తెచ్చింది. తర్వాత ఐసీఎస్‌నే వదిలేశారు.

మూడోది మన పక్కనే జరిగింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం. 1911 నేరజాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాల్ని అక్కడ సెటిల్‌మెంట్‌లో పెట్టారు. నడిపింది లండన్ కేంద్రంగా పనిచేసే సాల్వేషన్ ఆర్మీ. హాజరు వేయించుకోవాలి, బయటికి పోవాలంటే పాసు ఉండాలి. లండన్ సంస్థ సముద్రం దాటి మన దగ్గరికొచ్చింది. మనోళ్లకి మాత్రం పక్క ఊరికి పోవాలన్నా కాగితం కావాల్సొచ్చింది!

ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా తెలివిలో లేదు. ఒకరికి వెనక భూమి ఉంది, ఒకరికి చెయ్యి పట్టుకున్న మనిషి దొరికాడు, ఇంకొకరి కాలికి చట్టమే అడ్డం పడింది.

జైపాల్ గారు యూరప్ చూసి తన జనాన్ని మర్చిపోలేదు. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో లేచి, నన్ను జంగ్లీ అంటే నాకు గర్వమేనని చెప్పారు. అదే సభలో మన రంగా గారూ సభ్యులే.

ఇప్పుడు పాసు లేదు, పాస్‌పోర్టు ఉంది. కానీ వెరిఫికేషన్‌కి పోలీసు వస్తాడంటే మా నాయనమ్మ ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడుతుంది. ఆ భయం ఎక్కడిదో స్టూవర్టుపురం చరిత్ర చదివాక నాకర్థమైంది.

కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ విదేశీ చదువుల స్కాలర్‌షిప్ దేశం మొత్తం ఎస్టీలకి ఏడాదికి 20 మందికే. 2011 లెక్కల ప్రకారం మనం పది కోట్ల పైనే ఉన్నాం. 20 చాలవని అడుగుదాం. అడుగుతూనే అప్లై కూడా చేద్దాం. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నోళ్లు ముందు కుల ధ్రువీకరణ పత్రం, పాస్‌పోర్టు సిద్ధం చేసుకోండి. తెలియనోళ్లు కింద అడగండి, తెలిసినోళ్లు చెప్పండి.

జై ఆదివాసీ.