ఏరు దాటని చట్టం

అమలాపురంలో బస్సెక్కి, ఎదుర్లంక రేవులో దిగి, పంటు మీద గౌతమి దాటితే యానాం. పొద్దున్నే వెళ్ళి దీపాలవేళకి తిరిగొచ్చే ఆ ప్రయాణం నేను చాలాసార్లు చేశాను. 2002లో వారధి వచ్చాక బస్సుకి రేవుతో పనిలేకపోయింది.

ఒకప్పుడు ఈ ఒడ్డు ఇంగ్లీషువాడిది, ఆ ఒడ్డు ఫ్రెంచివాడిది. భాషా, బంధుత్వాలూ ఒక్కటే గాని చట్టం మాత్రం ఏటి నడుమ ఆగిపోయేది. 1930 ఏప్రిల్‌లో శారదా చట్టం అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండందే పెళ్ళి కూడదంది. మనవాళ్ళు ఊరుకుంటారా? పిల్లనీ, పిల్లవాణ్ణీ, పురోహితుణ్ణీ రేవు దాటించి యానాంలో మూడుముళ్ళూ వేయించేశారు. ఊరికి కల్యాణపురమని పేరే పడింది!

1938లో చట్టాన్ని సవరించి, బ్రిటిషిండియావాళ్ళు ఎక్కడ చేసినా తప్పేనన్నారు. 1954 నవంబరు 1న యానాం పాలన మన చేతికొచ్చింది. 1962లో ఆ బదిలీ చట్టబద్ధమైంది.

మంగళవారం సంతలో సీమసరుకు కొనితెచ్చుకున్న తాతల తెలివికి నవ్వుకుంటాం, సరే. పెళ్ళిపడవలు తలుచుకుంటే నాకు నవ్వు రాదు. పెద్దలకది ఒక్కపూట ప్రయాణమే. కునికిపాట్లు పడుతూ తిరిగొచ్చిన పిల్ల మాత్రం ఆ పూటని జన్మంతా మోసింది.