గాలి చాటు క్రేన్

గాలి నైరుతి నుంచి కొడుతోంది. 2005 జూలై 27, బుధవారం, మధ్యాహ్నం దాటింది. ముంబయి తీరానికి పడమరగా సుమారు 160 కిలోమీటర్ల దూరంలో, నడిసముద్రంలో, ఇనుప గ్రేటింగ్ మీద నిలబడి ఉన్నారు మీరు. బూట్ల కింద గ్రేటింగ్ కన్నాల్లోంచి చూస్తే బురదరంగు నీళ్లు. ఒక అల వచ్చి ప్లాట్‌ఫాం కాళ్లను కొడుతుంది, నురగ చిమ్ముతుంది, వెనక్కి పోతుంది. ఇంకోటి వస్తుంది. రెయిలింగ్ పట్టుకుంటే చేతికి ఉప్పు అంటుకుంటోంది. పక్కవాడికి ఏదైనా చెప్పాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి.

నిన్న ముంబయిలో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. ఊరంతా మునిగింది. ఆ వాన తోక ఇక్కడా ఉంది.

దీని పేరు ముంబయి హై నార్త్. ఓఎన్‌జీసీది. ఒక్క ప్లాట్‌ఫాం అనుకోకండి, ఇనుప వంతెనలతో కలిపిన చిన్న ఊరు ఇది. మీరున్నది 1981 నాటి ప్రాసెస్ ప్లాట్‌ఫాం. చుట్టుపక్కల బావుల నుంచి వచ్చే చమురూ గ్యాసూ ఇక్కడే వేరుపడతాయి. వంతెన దాటితే మనుషులు పడుకునే ప్లాట్‌ఫాం. ఆ దగ్గర్లోనే నోబుల్ చార్లీ యెస్టర్ అనే జాకప్ రిగ్గు, కాళ్లు సముద్రం అడుగున ఆన్చి నిలబడి ఉంది.

ఇప్పుడు రెయిలింగ్ మీదుగా వంగి కిందకి చూడండి. ప్లాట్‌ఫాం కాళ్ల వెంట, వాటికి బయటి వైపు, లావుపాటి గొట్టాలు నీళ్లలోంచి నిటారుగా పైకి వస్తున్నాయి. వీటిని రైజర్లు అంటారు. సముద్రం అడుగున కిలోమీటర్ల పొడవున పరుచుకున్న గ్యాస్ పైపులైన్లు ఇక్కడ నిలువుగా లేచి డెక్ మీదికి ఎక్కుతాయి. వీటి లోపల గ్యాస్ ఎంత ఒత్తిడితో ఉందో పైకి చూస్తే తెలియదు. పెయింటు వేసిన మామూలు గొట్టాల్లాగే ఉంటాయి.

దూరంగా ఒక ఓడ కనిపిస్తోంది. పేరు సముద్ర సురక్ష. అడుగున పైపుల పనులు చేసే డైవర్లను మోసే ఓడ. దాని వంటగదిలో వంటమనిషి చేతివేళ్ల కొనలు తెగాయి. రక్తం ఆగాలి, కుట్లు పడాలి. ఈ వాతావరణంలో హెలికాప్టర్ ఎగరదు. దగ్గర్లో వైద్య సదుపాయం ఉన్నది మీరు నిలబడ్డ ఈ ప్లాట్‌ఫాం మీదే. అందుకే ఓడ ఇటు వస్తోంది.

మనిషిని ఓడ మీంచి పైకి చేర్చేది క్రేన్. దాని కొక్కేనికి వేలాడే బుట్ట ఒకటి ఉంటుంది. కింద గుండ్రటి చట్రం, చుట్టూ పైకి ఒకచోట కలిసే తాళ్ల వల. బుట్ట అన్నాం కదా అని అందులో కూర్చోరు. చట్రం అంచు మీద బయటి వైపు నిలబడి, చేతులు తాళ్లలోకి మెలిపెట్టి పట్టుకుంటారు. క్రేన్ లేపుతుంది. కాళ్ల కింద ఓడ, తర్వాత నీళ్లు, తర్వాత డెక్. వేళ్లు తెగిన చేత్తో ఆ తాడు ఎలా పట్టుకోవాలో మీరే ఆలోచించండి.

ఇలాంటి పనికి ఓడ ఎప్పుడూ గాలి చాటు వైపుకే రావాలి. అక్కడైతే గాలీ అలలూ ఓడను ప్లాట్‌ఫాం నుంచి దూరంగా నెడతాయి. ఇంజిన్ మొరాయించినా ఓడ అవతలికి కొట్టుకుపోతుందే తప్ప ఇటు రాదు. కానీ ఈరోజు గాలి చాటు వైపు క్రేన్ పనిచేయడం లేదు. పనిచేసే క్రేన్ గాలి కొట్టే వైపున ఉంది. రైజర్లున్నదీ ఆ వైపే.

పైగా ఓడను పక్కలకు జరిపే థ్రస్టర్లు ఇబ్బంది పెడుతున్నాయి. కంప్యూటర్ సాయం పక్కన పెట్టి, చేత్తో నడుపుతూ, వెనకభాగం ముందుగా తెస్తున్నారు. ఆ వెనకభాగం మీదే ఓడ హెలిడెక్ పొడుచుకొచ్చి ఉంది.

ఈ ఒక్క నిమిషం ఇక్కడ ఆగుదాం. దగ్గరికి రావాలా అని ఓడ కెప్టెన్ అడుగుతాడు, ప్లాట్‌ఫాం మేనేజర్ రమ్మంటాడు. ఇద్దరూ మంచి ఉద్దేశంతోనే ఉన్నారు. ఎదురుగా రక్తం కారుతున్న మనిషి ఉన్నాడు. కానీ ఇంత గాలిలో, ఈ వైపు నుంచి, దెబ్బతిన్న థ్రస్టర్లతో ఓడ దగ్గరికి రాకూడదని బయటివాడెవడైనా ముందే రాసిపెట్టాడా? రాసినదాన్ని పాటించకపోతే ఉత్పత్తి ఆపేయించగల అధికారం ఎవరికైనా ఉందా? 1986లో పెట్టిన చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ ఉంది. అందరూ ఓఐఎస్‌డీ అంటారు. ప్రమాణాలు రాస్తుంది, ఆడిట్ చేస్తుంది, సిఫార్సులు ఇస్తుంది. సముద్రం మీద భద్రత కోసమే ప్రత్యేకంగా చేసిన నియమావళి మాత్రం ఇప్పటికింకా లేదు. ముంబయి హైలో చమురు పడింది 1974లో. ముప్ఫై ఒక్క ఏళ్లు గడిచాయి.

బుట్ట పైకి లేచింది. వంటమనిషి డెక్ మీద దిగాడు. ఎవరో భుజం పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు. మీరూ ఊపిరి పీల్చుకున్నారు. ఓడ వెనక్కి తగ్గడం మొదలెట్టింది.

నాలుగు దాటి ఐదు నిమిషాలు.

ఒక పెద్ద అల ఓడను ఎత్తి ఇటు తోసింది. హెలిడెక్ అంచు వచ్చి రైజర్‌కి తగిలింది.

శబ్దం ముందు ఇనుము మీద ఇనుము రాసుకున్నట్టు వినిపించి, వెంటనే ఈల అవుతుంది. గ్యాస్ బయటికి తన్నుకొస్తోంది. అంటుకుంది. ఓడ మీదా ప్లాట్‌ఫాం మీదా ఒకేసారి మంట.

వాల్వులు లేవా అని అడుగుతారు మీరు. ఉన్నాయి. ప్రమాదంలో మూసుకునే వాల్వులు ప్లాట్‌ఫాం మీద ఉన్నాయి. కానీ గొట్టం చిరిగింది వాల్వుకు అవతల, సముద్రం వైపు. మేడ మీద కుళాయి కట్టేస్తే వీధిలో పగిలిన పైపు ఆగదు కదా. దాని వెనక కిలోమీటర్ల పొడవు పైపులైన్ నిండా గ్యాస్ ఉంది. ఆ గ్యాసంతా ఈ మంటకే. పక్కన వరసగా ఉన్న మిగతా రైజర్లకు మంటను తట్టుకునే కవచం లేనట్టే. కాసేపటికి అవీ ఒక్కొక్కటిగా తెగాయి.

ఇది అంతకుముందు ఎవరూ చూడనిది కాదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. 1988 జూలై 6 రాత్రి, స్కాట్లాండ్ పక్కన ఉత్తర సముద్రంలో, పైపర్ ఆల్ఫా అనే ప్లాట్‌ఫాం ఇలాగే రైజర్లు ఒకదాని తర్వాత ఒకటి తెగి కాలిపోయింది. 167 మంది చనిపోయారు. అంతకు కొద్ది రోజుల ముందు, ఆ జూన్ నెలలోనే, ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి వెళ్లాడు. విచారణ జరిపిన లార్డ్ కల్లెన్ 1990లో 106 సిఫార్సులు చేశాడు. ఆ తనిఖీ పైపై చూపు అన్నాడు. చమురు తీయించే శాఖ చేతిలోనే భద్రత ఉండకూడదన్నాడు. బ్రిటన్ ఆ పనిని ఇంధన శాఖ నుంచి తీసి, కార్మికుల ఆరోగ్య భద్రతలు చూసే వేరే సంస్థకు అప్పజెప్పింది. 1992లో చేసిన నియమాల ప్రకారం ప్రతి ప్లాట్‌ఫాం యజమానీ ఇక్కడ ఏం జరగొచ్చు, జరిగితే ఎలా తట్టుకుంటామని రాసి, ఆ సంస్థను ఒప్పించుకోవాలి. ఒప్పించలేకపోతే ప్లాట్‌ఫాం నడవదు.

ఇదంతా అచ్చయి పదిహేనేళ్లయింది. మీరు నిలబడ్డ గ్రేటింగ్ వేడెక్కుతోంది.

పరుగెత్తండి. లైఫ్‌బోట్ల వైపు. ఎనిమిది ఉన్నాయి, రెండే దిగగలిగాయి. గాలి నింపే తెప్పలు పది, ఒక్కటే దిగింది. మిగతావాటికి దారి మంట లోంచి ఉంది. తాడు పట్టుకుని కిందికి జారేవాళ్లు జారుతున్నారు, దూకేవాళ్లు దూకుతున్నారు. ఆ ఎత్తు నుంచి చూస్తే నీళ్లు నల్లటి బండలా ఉన్నాయి. లైఫ్‌జాకెట్ కాలర్‌ని గడ్డం కిందికి గట్టిగా లాక్కోవాలని శిక్షణలో చెప్తారు. లేకపోతే నీళ్లను తాకగానే అది పైకి తన్ని మెడ విరుస్తుంది.

రెండు గంటల్లో ప్లాట్‌ఫాం కూలిపోయింది. నీళ్ల పైన కాళ్ల మొదళ్లు మాత్రం మిగిలాయి. కోస్ట్ గార్డ్, నేవీ, చుట్టుపక్కల ఓడలు రాత్రంతా వెతికాయి. అక్కడున్న 384 మందిలో 362 మంది బతికారు. 22 మంది పోయారు. వాళ్లలో సగం మంది శవాలు కూడా దొరకలేదు.

ఇంకా ఆరుగురు ఉన్నారు. వాళ్ల దగ్గరికి వెళ్దాం.

కాలుతున్న సముద్ర సురక్ష లోపల ఒక ఇనుప గది ఉంది. అందులో ఆరుగురు డైవర్లు. లోతు నీళ్లలో పనిచేసేవాళ్లు రోజుల తరబడి ఆ లోతు ఒత్తిడిలోనే బతుకుతారు. ఓడ మీద వాళ్ల గదిలోనూ అదే ఒత్తిడి. అన్నం ఒక చిన్న అర లోంచి లోపలికి వస్తుంది. పీల్చేది హీలియం కలిపిన ఆక్సిజన్, అందుకే మాట్లాడితే గొంతు కీచుగా, బాతు అరుపులా వస్తుంది. తలుపు తీసుకుని బయటికి రాలేరు. గోళీసోడా కొట్టగానే బుస్సుమని బుడగలు వస్తాయే, ఒత్తిడి ఒక్కసారి పోతే వాళ్ల రక్తంలో అదే జరుగుతుంది. నెమ్మదిగా తగ్గిస్తూ బయటికి తేవడానికి రోజులు పడతాయి.

ఓడలో మంట. మిగతావాళ్లంతా దిగిపోయారు. మీరు ఆ గదిలో ఏడోవాడిగా కూర్చోండి. గోడ అవతల ఏం కాలుతోందో తెలియదు. గాలి పంపే యంత్రం ఎంతసేపు ఆడుతుందో తెలియదు. గుండ్రటి కిటికీ లోంచి చూస్తే ఎవరూ కనిపించరు. బుధవారం రాత్రి గడిచింది. గురువారం పగలు గడిచింది.

ముప్ఫై ఆరు గంటల తర్వాత మనుషులు వచ్చారు. ఆరుగురూ ప్రాణాలతో బయటపడ్డారు. ఆగస్టు 1న ఆ ఓడ మునిగిపోయింది.

2008లో నియమాలు వచ్చాయి. 1948 నాటి ఆయిల్‌ఫీల్డ్స్ చట్టం కింద, సముద్రంలో చమురు గ్యాస్ పనుల భద్రత కోసం. అమలు చేసే అధికారం ఓఐఎస్‌డీకి ఇచ్చారు. కొత్త ప్లాట్‌ఫాం నడపాలంటే ముందు దాని సమ్మతి కావాలి. ప్రమాదాలను ముందే అంచనా కట్టి కాగితం మీద పెట్టాలి. ప్లాట్‌ఫాం చుట్టూ 500 మీటర్లు భద్రతా వలయం. ఆ వలయంలోకి వచ్చే ప్రతి ఓడా అడిగి రావాలి. ఈ నియమాలు చదువుతుంటే నాకు ఆ మధ్యాహ్నం డెక్ మీద మళ్లీ నడుస్తున్నట్టే ఉంటుంది. ఈ వాక్యం లైఫ్‌బోట్ గురించి, ఇది ఓడ గురించి, ఇది మంట గురించి. ఒక్కో వాక్యం వెనకా కాలిన ఇనుము వాసన వస్తుంది.

కానీ కల్లెన్ చెప్పిన ముఖ్యమైన మాట దగ్గర మనం ఆగిపోయాం. ఓఐఎస్‌డీ ఇవాళ్టికీ పెట్రోలియం మంత్రిత్వ శాఖ కిందే ఉంది. ఓఎన్‌జీసీ కూడా ఆ శాఖ కిందిదే. ఉత్పత్తి పెంచమని అడిగేదీ, ప్రమాదముంటే ఆపమని చెప్పాల్సినదీ ఒకే ఇల్లు. నార్వే 2004లో ఈ రెండు పనుల్నీ విడదీసింది. 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ పేలి 11 మంది చనిపోయాక అమెరికా కూడా విడదీసింది. మనమూ విడదీయాలి. ఆ డైరెక్టరేట్‌లో నిజాయితీగా పనిచేసే ఇంజనీర్లు ఉన్నారు, వాళ్ల కోసమైనా విడదీయాలి. తన శాఖే నడిపించే ప్లాట్‌ఫాంను ఆపెయ్యమని రాసే చెయ్యి వణకకుండా ఉండాలి.

2021 మే 17న టౌక్టే తుపానులో అదే అరేబియా సముద్రంలో పి-305 అనే బార్జ్ మునిగింది. ఓఎన్‌జీసీ పనుల కోసం వచ్చిన కాంట్రాక్టు కార్మికులు అందులో ఉన్నారు. ఆ బార్జ్, వరప్రద అనే టగ్ కలిపి 86 మంది పోయారు. తుపాను వస్తోందని ముందే తెలుసు. ప్లాట్‌ఫాం మీద ఒకరి అజమాయిషీ, తేలే వాటి మీద షిప్పింగ్ వాళ్ల అజమాయిషీ. 2005లోనూ చావు ఈ రెంటి మధ్య సందులోంచే వచ్చింది, ఓడ వచ్చి ప్లాట్‌ఫాంకి తగిలి.

ఇదంతా పడమటి సముద్రం సంగతి అనుకోవడానికి లేదు. కోనసీమ వాళ్లకైతే చెప్పనక్కర్లేదు, 1995లో పాశర్లపూడి బావి నేల మీదే 65 రోజులు మండింది. 2024 జనవరిలో కాకినాడకు ఎదురుగా లోతు సముద్రంలో ఓఎన్‌జీసీ కొత్త బావుల నుంచి చమురు మొదలైంది. అక్కడి ప్లాట్‌ఫాంల మీద మన పిల్లలున్నారు.

చివరిగా అక్కడికి రండి. నవంబరు సాయంత్రం అనుకోండి, బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. ఫ్లేర్ మంట గాలికి పక్కకి వాలుతోంది. సరుకులు తెచ్చిన ఓడ 500 మీటర్ల గీత బయట ఆగి, రేడియోలో అనుమతి అడుగుతోంది. కంట్రోల్ రూమ్‌లో డ్యూటీ ఆఫీసరు చేతిలో చెక్‌లిస్ట్ ఉంది. గాలి ఎటు నుంచి? థ్రస్టర్లన్నీ పనిచేస్తున్నాయా? ఏ వైపుకు వస్తున్నారు? అతను పెన్నుతో ఒక్కొక్కటీ టిక్ పెడుతూ, ఒక గడి దగ్గర ఆగాడు. ఇంటర్‌కమ్ తీసి డెక్ మీదవాళ్లను అడిగాడు.

"గాలి చాటు క్రేన్ నడుస్తోందా?"

జవాబు వచ్చేదాకా ఓడ గీత అవతలే ఉంది.