పడిగె విప్పినవాళ్లు, రాసుకున్నవాళ్లు

తిరుమలాయపాలెం నుంచి ఖమ్మం, కొత్తగూడెం మీదుగా గోదావరి వైపు సాగితే మణుగూరు, దుమ్ముగూడెం, భద్రాచలం వస్తాయి. 2016లో జిల్లాలు విడిపోయేదాకా ఈ దారంతా ఖమ్మం జిల్లాయే. మీడియా, సాంస్కృతిక అధ్యయనాల పేరుతో విశ్వవిద్యాలయాలు నేడు చర్చిస్తున్న ప్రశ్నలు కొన్ని ఈ దారిలోని కోయ ఆదివాసీల గూడేల్లో ఏనాటి నుంచో ఉన్నాయి. కథ ఎవరిది? చెప్పే హక్కు ఎవరికుంది? రాసుకుపోయినవాడు తిరిగి ఏమిచ్చాడు?

పడిగె అంటే పొడవాటి త్రికోణపు గుడ్డ. రంగురంగుల గుడ్డముక్కలు కత్తిరించి, మనుషుల బొమ్మలు, జంతువులు, చెట్లు దాని మీద కుడతారు. కోయల్లో మూడో గట్టు, నాలుగో గట్టు, అయిదో గట్టు అంటూ గట్లు, అంటే వంశ విభాగాలు, ఉన్నాయి. ఒక్కో గట్టు ఇలవేల్పుల కథలు వేరువేరు. ఇలవేల్పుల కొలుపుల్లో పడిగె బయటికి తీసినప్పుడు డోలీలనే కోయ గాయకులు డోలు వాయిస్తూ ఆ వంశం ఎక్కడ పుట్టిందో, ఎవరితో పోరాడిందో పాడతారు. పాడేవాళ్లు లేకపోతే పడిగె మీద బొమ్మలే మిగులుతాయి. బొమ్మ, పాట, వాద్యం, వినే గూడెం కలిస్తేనే అది చరిత్ర. మేడారం సమ్మక్క కథ కూడా అంతే. డోలీలు పాడే కథ, అచ్చులో తిరిగే కథ అన్నిచోట్లా ఒకటి కాదు.

కోయల గురించి బయటివాళ్లు రాసిన తొలి రాతల్లో దుమ్ముగూడెం మిషనరీ జాన్ కెయిన్‌వి ముఖ్యమైనవి. 1870ల్లో ఆయన ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల ఆచారాలు వివరించారు. 1909లో వెలువడిన ఎడ్గర్ థర్‌స్టన్ సంపుటాలు కోయల గురించి చాలావరకు ఆయన మీదే ఆధారపడ్డాయి. ఆ పుటల్లో వివరం పుష్కలం. చెప్పిన కోయమనిషి గొంతు మాత్రం దాదాపు వినిపించదు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో నిజాం రాజ్యానికి వచ్చిన వియన్నా పండితుడు హైమెండార్ఫ్ మరో దారి పట్టారు. గోదావరి కొండల్లో కొండరెడ్లనే గిరిజనుల మధ్య తిరిగి 1945లో పుస్తకం ప్రచురించారు. కలప వ్యాపారులు అప్పులతో వాళ్లను ఎలా కట్టిపడేశారో అందులో రాశారు. గిరిజనుల స్థితి మీద నిజాం ప్రభుత్వానికి నివేదికలూ ఇచ్చారు. పరిశోధన గూడేనికి పనికొచ్చే కాగితం కూడా కావాలని ఆయన పట్టించుకున్నారు. అది చిన్న సంగతి కాదు.

అమెరికన్ పరిశోధకుడు స్టీఫెన్ టైలర్ కథ ఇంకా ఆసక్తికరం. గోదావరి ఒడ్డున ఉండే గొమ్ము కోయల మాట విని, 1969లో కోయభాషకు వ్యాకరణం వెలువరించారు. ఆ తర్వాత 1986లో ‘రైటింగ్ కల్చర్’ అనే వ్యాససంకలనం ప్రపంచమంతటా మానవశాస్త్రాన్ని కుదిపేసింది. అందులో టైలర్ వ్యాసం ఉంది. ఒక జాతి జీవితాన్ని పండితుడు ఉన్నదున్నట్టు కాగితం మీదికి ఎత్తగలడన్న నమ్మకాన్నే ఆయన కాదన్నారు. పలువురి గొంతులు కలిసి పలికే రాత కావాలన్నారు. లండన్, న్యూయార్క్ తరగతుల్లో ఆ వ్యాసం చదివే విద్యార్థులకు గొమ్ము కోయల పేరు తెలియకపోవచ్చు. మన విద్యార్థులకైనా తెలియాలి.

తెలుగులో జానపద పరిశోధనకు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు బాట వేశారు. పాట సాహిత్యంగా గుర్తింపు పొందింది. గుడ్డ మీది బొమ్మ, దానితోపాటు మోగే వాద్యం ఆలస్యంగా పండితుల కంటబడ్డాయి. జయధీర్ తిరుమలరావు గూడేలు తిరిగి పడిగెలనూ ఆదివాసీ వాద్యాలనూ వెలుగులోకి తెచ్చారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య సమ్మక్క-సారలమ్మల కథను, ఇలవేల్పుల కథలను కోయభాషలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కెయిన్ రాతలు వచ్చిన నూటనలభై ఏళ్లకు పైగా గడిచాక, చెప్పేవాడి పేరు దేశానికి తెలిసింది.

2024 జూన్‌లో రామచంద్రయ్య కన్నుమూశారు. ఆయనలాంటి డోలీల పాటల రికార్డులు విశ్వవిద్యాలయాల బీరువాల్లో ఉంటే సరిపోదు. అవి మణుగూరు, భద్రాచలం ఆశ్రమ పాఠశాలలకు, డోలు పట్టడం నేర్చుకుంటున్న పిల్లలకు ముందుగా చేరాలి. ప్రతి రికార్డు మీదా పరిశోధకుడి పేరుకన్నా ముందు పాడినవాళ్ల పేరు, గూడెం, గట్టు ఉండాలి.