పప్పుబెల్లాల దసరా: పిల్లకాయల పండగ వెనక ఉన్న లెక్క

పోస్టు కొంచెం పొడుగు. మడికి నీళ్ళు కట్టి గట్టు మీద కూర్చున్నప్పుడు తీరిగ్గా చదవండి.

"డబ్బులు పప్పుబెల్లాల మాదిరి పంచినారు" అని మనం అంటుంటాం. విలువ తెలియకుండా పంచేస్తే వాడే మాట అది. మరి ఆ పప్పుబెల్లాలు ఎవరు పంచేవాళ్ళు, ఎవరికి, ఎందుకు? ఆ సంగతి చాలామంది మరిచిపోయినారు. మీ ఇంట్లో ఎనభై ఏండ్లు దాటిన అవ్వ గానీ తాత గానీ ఉంటే ఒకసారి అడిగి చూడండి. దసరా అనగానే అమ్మవారి గుడి, జమ్మి చెట్టు, ఆయుధపూజ గుర్తొస్తాయి మనకు. ఒకప్పుడు తెలుగు పల్లెల్లో దసరా అంటే బడిపిల్లల పండగ కూడా.

వీధిబడి అయ్యవారు ముందు నడుస్తాడు. వెనక పిల్లకాయలు. చేతుల్లో వెదురు విల్లంబులు, వాటికి రంగు కాగితాలు. ఇల్లిల్లూ తిరిగి దసరా పద్యాలు పాడతారు. పద్యాల్లో ఆ ఇంటి యజమానికి దీవెన ఉంటుంది, చివర్లో మొహమాటం లేకుండా అడిగేది కూడా ఉంటుంది. అయ్యవారికి డబ్బు, పిల్లలకు పప్పుబెల్లాలు. ఇంటాయన తన శక్తికొద్దీ అయ్యవారి చేతిలో పెడతాడు. ఇంటావిడ వేయించిన శనగపప్పు, బెల్లం ముక్కలు పిల్లల దోసిళ్ళలో పోస్తుంది.

దీన్ని భిక్షం అనుకోవద్దు. అది జీతం. అప్పట్లో అయ్యవారికి సర్కారు జీతం లేదు. ఆయన అరుగు మీదనో, గుడి మండపంలోనో, ఊరు చూపించిన కొట్టంలోనో బడి నడిచేది. పిల్లల తల్లిదండ్రులు ఇచ్చే కొద్దిపాటి డబ్బు, గింజలే ఆధారం. వడ్రంగికి, కమ్మరికి కళ్ళంలో మేర కొలిచినట్టే అయ్యవారికీ ఊరు ఇవ్వాల్సింది ఉండేది. దసరా నాడు ఆ బాకీ అందరి ముందర, పాటతో, తీపితో తీరేది. పైగా పిల్లలు ఏం నేర్చుకున్నారో ఊరంతా చెవులారా వినేది. ఇప్పటి మాటలో చెప్పాలంటే బడి వార్షికోత్సవం, ఊరి ఆడిట్ రెండూ ఒకే రోజన్నమాట.

ఇంక లెక్కల్లోకి వద్దాం. ఆ బడులు ఎన్ని ఉండేవి, ఎవరు చదివేవాళ్ళు అనేదానికి మన పక్కనే రాతకోతలు ఉన్నాయి. మన్రో పేరు మీకు తెలుసు కదా. రైతువారీ పద్ధతి తెచ్చిన ఆ మన్రో, చివరికి 1827లో మన పత్తికొండలోనే కలరాతో చనిపోయినాడు. ఆయన మద్రాసు గవర్నరుగా ఉన్నప్పుడు 1822లో ప్రతి జిల్లాలో ఎన్ని బడులు ఉన్నాయో లెక్క తీయమని కలెక్టర్లకు ఉత్తరువు ఇచ్చినాడు. నంద్యాల పక్క అప్పట్లో కర్నూలు నవాబు ఏలుబడిలో ఉండేది, కాబట్టి మనం ఆ లెక్కలో లేము. కానీ పక్కనే ఉన్న బళ్ళారి జిల్లా ఉంది. అనంతపురం, ఆదోని, పత్తికొండ అన్నీ అప్పుడు ఆ జిల్లాలోవే. అంటే మన లాంటి నేల, మన లాంటి జనం.

బళ్ళారి కలెక్టరు ఏ.డి. కాంప్‌బెల్. ఈయన 1816లోనే తెలుగు వ్యాకరణం రాసిన మనిషి. 1823 ఆగస్టులో పంపిన నివేదికలో ఆయన చెప్పిన లెక్క ఇదీ. జిల్లా జనం 9,27,857. బడులు 533. అందులో తెలుగువి 226, కన్నడవి 235. ఇంగ్లీషు బడి ఒక్కటే ఒక్కటి. పిల్లలు మొత్తం 6,641 మంది. బడికి సుమారు పన్నెండు మంది. ఈ 533లో సర్కారు సాయం అందేది ఒక్కదానికి కూడా లేదని ఆయన సిగ్గుపడుతూ రాసినాడు.

బడి ఎట్లా నడిచేదో కూడా రాసినాడు. అయిదో ఏట పిల్లవాడిని వినాయకుడి ముందు కూర్చోబెట్టి, బియ్యంలో వేలితో దేవుడి పేరు రాయించేవాళ్ళు. తర్వాత ఇసుకలో అక్షరాలు. పొద్దున ఆరు గంటలకే బడి. అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవాళ్ళు. రెండోవాడికి సున్నా. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అట్లా పెరుగుతూ పోయేది! పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు నేర్పే మన పద్ధతిని ఇంగ్లండువాళ్ళు కూడా తీసుకున్నారని మెచ్చుకున్నాడు. అర్థం కాని పద్యాలు బట్టీ పట్టిస్తారని తప్పూ పట్టినాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. పాతకాలం అంతా బంగారం అని చెప్పడానికి నేను ఈ పోస్టు రాయడం లేదు. 6,641 మందిలో ఆడపిల్లలు ఎంతమందో తెలుసా? అరవై. జనాభాలో వెయ్యిమందికి ఏడుగురే బడి ముఖం చూసినారు. దళితుల పిల్లలకైతే చాలా ఊళ్ళల్లో ఆ అరుగు ఎక్కే దారే లేదు. అంటే విల్లంబులు పట్టుకొని పాడిన పిల్లకాయలు ఊళ్ళో కొందరే. మిగతా పిల్లలు అదే పూట జీవాల వెంట, కలుపులో ఉన్నారు. కారణం కూడా కాంప్‌బెల్ దాచలేదు. ఇంగ్లండు గుడ్డలు దిగుమతై మన నేతపనివాళ్ళ పొట్ట కొట్టినాయి, జనం పేదలైనారు, పిల్లలకు కాళ్ళూ చేతులూ ఆడడం మొదలైతే చాలు పనికి పంపక తప్పలేదు అని రాసినాడు. కరువు, అప్పు ఇంట్లోకి వస్తే మొదట బయటికి పోయేది పిల్లవాడి పలకే. రెండు వందల ఏండ్ల తర్వాత కూడా, పత్తి తీసే రోజుల్లో మన ఊరి బడి హాజరు పట్టీ చూస్తే ఆ మాట పూర్తిగా పాతబడలేదని మీకే తెలుస్తుంది.

వియత్నాం పేరు మనం బియ్యం ఎగుమతి ధరల దగ్గర వింటుంటాం. మన సోనా రైతుకు వాళ్ళు పోటీదారులు. వాళ్ళకూ ఈ కాలంలోనే ఒక పిల్లల పండగ ఉంది, పేరు తెట్ ట్రుంగ్ థు. చాంద్రమానం ఎనిమిదో నెల పున్నమి నాడు, అంటే మనకు భాద్రపద పున్నమో ఆశ్వయుజ పున్నమో అవుతుంది. నక్షత్రం ఆకారం లాంతర్లు పట్టుకొని పిల్లలు వీధులు తిరుగుతారు, సింహం వేషాలు ఆడతాయి, చంద్రుడి పేరుతో చేసిన రొట్టెలు పంచుతారు. చందమామలో మనకు కుందేలు కనపడితే, వాళ్ళకు మర్రిచెట్టు కింద కూర్చున్న కువోయి అనేవాడు కనపడతాడు. వరి పనుల్లో పడి పిల్లలను పట్టించుకోలేకపోయిన తల్లిదండ్రులు, పని తెరిపి ఇచ్చినాక పిల్లల కోసం చేసే పండగ అని వాళ్ళు చెప్పుకుంటారు. అక్కడా ఇక్కడా సేద్యగాళ్ళ బాధ ఒకటే చూడండి. తేడా ఏమంటే వాళ్ళు ఆ పండగను నిలబెట్టుకున్నారు. పట్నాలకూ, దేశం దాటిపోయిన చోట్లకూ తీసుకుపోయినారు.

మనది ఎందుకు పోయింది? మంచి కారణానికే పోయింది. 1854 తర్వాత బడులకు సర్కారు గ్రాంట్లు మొదలైనాయి. 1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత టీచర్లకు నెల జీతం వచ్చింది. జీతం వచ్చినాక ఇల్లిల్లూ తిరగడం అయ్యవారికి నామోషీ అయింది. అది న్యాయమే. చదువు చెప్పేవాడు చేయి చాచకూడదు. కానీ ఆ జీతంతో పాటే ఊరికీ బడికీ మధ్య ఉన్న దారం తెగింది. బడి సర్కారుది, మనకేం అనుకున్నాం. పైకప్పు కారినా, పిల్లలు తగ్గినా అడిగేవాళ్ళు లేకపోయినారు.

అందుకే ఒక మాట చెప్తా, మీ ఊళ్ళో కూర్చొని మాట్లాడుకోండి. దసరా నాటికి వరి పొట్టకు వచ్చి ఉంటుంది, నల్లరేగడిలో శనగ విత్తనానికి తయారవుతుంటాం. చేతిలో డబ్బు ఆడదు, నిజమే. ఒక్క సాయంత్రం మాత్రం పిల్లలను వీధి తిప్పుదాం. ఈసారి ఆడపిల్లలు ముందు నడవాలి. ఎస్సీ కాలనీ నుంచే మొదలుపెట్టి ప్రతి వీధికీ పోవాలి. టీచరు చేయి చాచే పని లేదు. వచ్చిన పది, ఇరవై రూపాయలూ బడి పుస్తకాలకు, ఆటసామానుకు పోవాలి, లెక్క బడి గోడ మీద రాయాలి. పద్యమో, ఎక్కాలో, పాఠమో పిల్లలు ఏది చదివినా గుమ్మంలో నిలబడి పూర్తిగా వినండి. వీడికి చదవడం వచ్చిందా లేదా అని ఊరికే తెలిసిపోతుంది.

ఖర్చు ఎంత? ఊరికి ఒక నాలుగు కిలోల పప్పు, నాలుగు కిలోల బెల్లం. మీ ఊరి పెద్దవాళ్ళకు దసరా పద్యాలు గుర్తుంటే పిల్లల చేత రాయించి పెట్టండి. వాళ్ళు ఉన్నప్పుడే ఆ పని కావాలి.