రోమాచార్యుని యస్ఖలిత ప్రామాణ్యము - పుంగనూరి యాచారవివాదము

1870వ సంవత్సరము జూలై 18వ తేదీన రోమునగరమందు వాటికను ప్రథమ మహాసభ, పోపు యొక్క యస్ఖలిత ప్రామాణ్యమును కతోలిక శ్రీసభకు విశ్వాసాంశముగా నిర్వచించెను. ఆనాడు సమ్మతి పలికినవారు 533 మంది, కాదన్నవారు ఇరువురు. ప్రతికూలముగ నోటీయ నొల్లక అంతకుముందే రోమును విడిచిపోయిన పీఠాధిపతులును పెక్కురు గలరు. ఈ సిద్ధాంతమును గూర్చి మనదేశమున సాధారణముగ వినవచ్చు మాట యొకటి కలదు: పోపు పలికినదెల్ల సత్యమనియు, ఆయన తప్పు చేయజాలడనియు కతోలికులు నమ్ముదురని. ఇది సిద్ధాంతము గాదు, దాని నీడమాత్రమే.

మహాసభ నిర్వచించిన దింతియ. పోపు సర్వక్రైస్తవులకు ఆచార్యుడుగ, తన పీఠాధికారముతో, విశ్వాసమునకు గాని నీతికి గాని సంబంధించిన యొక యుపదేశమును శ్రీసభ యంతయు నవలంబింపవలసినదిగా నిర్ణయించినప్పుడు, ఆ నిర్ణయమున తప్పు దొరలదు. ఈ నియమములలో ఏ యొక్కటి లోపించినను ఆ వాక్యమున కీ ప్రామాణ్యము లేదు. పోపునకు పాపరాహిత్యమును, సర్వజ్ఞత్వమును, రాజ్యతంత్రమున గాని లోకజ్ఞానమున గాని పొరబడకుండుటయు ఇందు చెప్పబడలేదు. 1870 తరువాత ఈ యధికారమును ప్రకటముగ ప్రయోగించుట 1950లో ఒక్కసారియే సంభవించెను. అప్పుడు పండ్రెండవ పయస్సు మరియమాత సశరీర స్వర్గారోహణమును విశ్వాసాంశముగ నిర్వచించెను.

మన శాస్త్రములతో పోల్చి చూచినచో భేదము తేటపడును. మీమాంసకులు వేదమునకు స్వతఃప్రామాణ్యము చెప్పుట, దానికి పురుషుడు కర్త గాడను హేతువుచేత. వక్త లేనిచోట వక్తృదోషమునకు తావులేదు. రోమకసిద్ధాంత మిందుకు భిన్నము. ఇచట వక్త కలడు. అతడు దోషములకు లోనగు మనుష్యుడే. ఐనను నియమితమైన యొక క్రియయందు మాత్రము దైవసాహాయ్యముచే అతని వాక్కు తప్పునుండి రక్షింపబడునని వారందురు. కావున పోపు వాక్యము లన్నిటిలో ఏది యా క్రియ, ఏది కాదు అను విచారము వారికి మిక్కిలి యావశ్యకము. ఈ విచారమున కొక గొప్ప పరీక్ష, వాటికను మహాసభకు నూటయరువది యేండ్లకు పైగ పూర్వమే, దక్షిణదేశమున జరిగెను. దాని ఫల మనుభవించిన తెలుగుతావులలో పుంగనూరు ఒకటి.

పుంగనూరు సంస్థానము పూర్వము ఉత్తరార్కాటునకు జేరి, 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు అందు కలిసెను. 18వ శతాబ్ది తొలియేండ్లలో పుదుచ్చేరినుండి బయలుదేరిన ఫ్రెంచి యేసుసభ గురువులు కర్ణాటక మిషను అను పేర తక్కోలము, పుంగనూరు మొదలగు తావులలో నిలిచిరి. బూషే, మొదూయీ, ద లా ఫోంతేను అనువారు వీరిలో మొదటితరమువారు. మధురలో రాబర్టు డి నొబిలి చూపిన మార్గము ననుసరించి వీరు కావివస్త్రములు దాల్చి, మాంసమును వర్జించి, సన్న్యాసివృత్తి నవలంబించిరి. ఈ మార్గమునకు రోము అనుమతియు నుండెను. 1623 జనవరి 31న పదునైదవ గ్రెగొరి పోపు యజ్ఞోపవీతము, శిఖ, చందనము, స్నానము అనువానిని, మతచిహ్నములుగ గాక కులమర్యాదలుగ మాత్రమే క్రైస్తవు లుంచుకొనవచ్చునని, పీఠము వేరు నిర్ణయము చేయువరకు సెలవిచ్చెను.

వేరు నిర్ణయము 1704లో వచ్చెను. చీనాదేశమునకు పోవుచుండిన పోపు ప్రతినిధి మయ్యార్ ద తూర్నోను 1703 నవంబరులో పుదుచ్చేరి చేరి, వ్యాధిగ్రస్తుడై యెనిమిది నెల లచట నుండెను. లోదేశమున కాతడు పోలేదు. గురువులను విచారించి, 1704 జూన్ 23వ తేదీతో ఒక శాసనమును వ్రాసి జూలైలో ప్రకటించెను. మధుర, మైసూరు, కర్ణాటక మిషనులకు మూడింటికిని అది యొక్కటే కట్టడ. జ్ఞానస్నానమునందు గురువు ఉమ్మితో చెవిని ముక్కును తాకు విధిని, ఎంగిలి యని యీ దేశపువా రేవగింతురనుచు విడువరాదు. పిల్లయారు రూపుగల తాలిని కట్టరాదు. పెండ్లిలో కొబ్బరికాయ కొట్టి శకునము చూడరాదు. గోమయభస్మమును నొసట దాల్పరాదు. రజస్వలలని స్త్రీలను పాపసంకీర్తనమునకు దూరము చేయరాదు. మాలమాదిగ రోగుల నింటికి బోయి చూడక, వారిని వేరుచోటికి దెప్పించుకొను పద్ధతి తగదు.

ఈ కట్టడలను విడదీసి చూచినచో ప్రతిదానియందును మూడంతస్తులు కానవచ్చును. విగ్రహారాధనము క్రైస్తవునకు కూడదనుట మొదటిది, అది విశ్వాసవిషయము. ఈ భస్మము, ఈ తాలి విగ్రహారాధనమునకు చిహ్నములనుట రెండవది, అది లోకవృత్తాంతవిషయము. కావున వీనిని ధరింపరాదనుట మూడవది, అది శిక్షావిషయము. వివాదమంతయు రెండవదానిపై నడచెను. ఈ సీమవారికి దీని కష్టము తెలియనిది గాదు. తిరుపతికి పోవు వైష్ణవుని నొసటి తిరునామమును, కాళహస్తికి పోవు శైవుని విభూతియు వారి దైవమును చూపునని బాలు డైనను చెప్పగలడు. అవి వట్టి యలంకారములనుట కష్టము. కాని చందనపుబొట్టు అట్టిది గాదు. పుదుచ్చేరిచుట్టు తమిళనాటి తాలిపై పిల్లయారి రూపుండిన నుండవచ్చును. తెలుగిండ్లలో బొట్టు రూపము కులమునకును ఇంటిపేరునకును మారుచుండును. తమిళరేవున విన్న సాక్ష్యముతో వ్రాసిన యొకే వాక్యము పుంగనూరి పెండ్లిపందిటికి సరిపోవునా యను ప్రశ్న సహజముగనే పుట్టెను.

బూషే, లైనెజు అను గురువులు రోమునకు పోయి విన్నవించుకొనిరి. పదునొకండవ క్లెమెంటు పోపు శాసనమును 1706 జనవరిలో స్థిరపరచియు, దైవమహిమకును ఆత్మరక్షణమునకును భంగము లేనంతవరకు దానిని నడపవచ్చునని నోటిమాటగ సడలించెనని మిషనువారు చెప్పుకొనిరి. ప్రతిపక్షు లట్టి సడలింపు లేదనిరి. పండ్రెండవ క్లెమెంటు 1734లో కొన్ని కట్టడలను సడలించి, 1739లో గురువులందరు శాసనమునకు లోబడుదుమని ప్రమాణము చేయవలెనని విధించెను. తుదకు 1744 సెప్టెంబరు 12న పదునాలవ బెనెడిక్టు తన మహాశాసనముతో వాదమును మూసివేసెను. అప్పటి గురువులు దేశభాషల నెరుగనివారు కారు. తెలుగు మిషనున పనిచేసిన కూర్దూ 1767లో సంస్కృతమునకును గ్రీకు లాటిను భాషలకును గల చుట్టరికమును నిరూపించి పారిసుపండితులకు వ్రాసినవాడు. అట్టివారును తమ యభిప్రాయమును మనస్సున నుంచుకొని ప్రమాణమునకు లోబడిరి.

రెండువందల సంవత్సరములకు కథ మరల తిరిగెను. 1940 ఏప్రిల్ 9న రోమునందలి మతప్రచారశాఖ ఈ ప్రమాణమును రద్దుచేసెను. 1623లో సెలవు, 1744లో నిషేధము, 1940లో విముక్తి: అస్ఖలితమన్న పీఠము మూడుమారులు మాట మార్చినదిగదా యని యాక్షేపింపవచ్చును. దీనికి సమాధానము పైని చెప్పిన మూడంతస్తులలోనే కలదు. విగ్రహారాధనము తగదను మొదటి మాటను ఏ పోపును మార్చలేదు. మారినది లోకవృత్తాంతజ్ఞానమును, దానిననుసరించిన శిక్షయు. 1744 నాటి శాసనము విధేయతను కోరినదే కాని, సర్వక్రైస్తవలోకమునకు ఒక సిద్ధాంతమును నిర్వచించినది గాదు. 1870లో ప్రతిపక్షులు చూపిన యుదాహరణము వేరు: ఏడవ శతాబ్దిని హొనోరియసు పోపు క్రీస్తు సంకల్పమును గూర్చి వ్రాసిన లేఖలకుగాను 681లో ముగిసిన మహాసభచే నిందింపబడుట. అది సిద్ధాంతవిషయమగుటచే నచట వాదము గట్టిది. పుంగనూరి యాచారములందు అట్టి వాదమునకు బలము లేదు.

ఐనను ఈ సమాధానమునకు మూల్యము కలదు. అది యొప్పుకొన్నచో, రెండు శతాబ్దులు గురువులచే ప్రమాణము చేయించిన శాసనమున వృత్తాంతాంశము పొరబాటుగ నుండవచ్చునని యొప్పుకొన్నట్లే. విధేయత వేరు, అస్ఖలితత్వము వేరు అని శాస్త్రకారులు తేటగ విడదీయుదురు. కాని ప్రమాణముచేసి యుద్యోగమున ప్రవేశించు గురువునకు, వాని మాట విను గ్రామవాసికి, ఆ రెండును ఒక్క బరువుగనే తోచును. లోకమునందలి భ్రాంతి యిచటనే పుట్టినది.

మరియొక విషయము మరువరానిది. స్ఖలనమునకు వీలుగల వాక్యమెల్ల తప్పు గాదు. రోగియైన మాలమాదిగల గుడిసెలో గురువు కాలుపెట్టవలెనని తూర్నోను విధించినప్పుడు, దేశాచారమెరిగిన మిషనువారు జంకిరి. అట్లు చేసినచో అగ్రవర్ణములవారు తమ్ము చేరరని వాదించిరి. దేశమునెరుగని రోగి యొకడు పుదుచ్చేరి పడకనుండి వ్రాసిన మాట, న్యాయమునకు వారి పాండిత్యముకంటె దగ్గరగ నుండెను. 1744లోను పదునాలవ బెనెడిక్టు మాలమాదిగలకు వేరుగ గురువుల నేర్పరచు ఏర్పాటు నంగీకరించెను; దానిచే కట్టడ సగము నెరవేరి, భేదము సగము నిలిచెను. 1940 నాటి సడలింపును కులభేదమునకు క్షమాపణమని చదువువారు ఈ విధిని మరచినవారు.

పోపును అంగీకరింపని సంఘములకును ఈ చిక్కు తప్పలేదు. 1853లో నేర్పడి చిత్తూరు మదనపల్లెలలో పనిచేసిన అమెరికను ఆర్కాటు మిషనువారు గ్రంథమొక్కటే ప్రమాణమనువారు. 1865 నుండి తెలుగుదేశమున పనిచేసి తిరుపతిప్రాంతమునకు వచ్చిన హెర్మన్సుబర్గు లూథరనులును అట్టివారే. ఐనను కులమును విడువవలెనా, బొట్టు తాలి యుండవచ్చునా యను ప్రశ్నలకు గ్రంథమున అక్షరశః జవాబు లేదు. 1850లో మద్రాసునందు కూడిన ప్రొటెస్టంటు మిషనరీలు కులభేదమును సంఘమున సహింపరాదని తీర్మానించుకొనవలసివచ్చెను. అందును లైప్జిగు మిషనువారు కలియలేదు. ప్రమాణము పీఠమైనను గ్రంథమైనను, దానిని ఒక యూరి యాచారమునకు తగిలించునప్పుడు ఆ యూరిని ఎరుగవలసినదే.

1964లో రెండవ వాటికను మహాసభ ఈ సిద్ధాంతమును మరల చెప్పుచు, పోపుతో గూడి బోధించు పీఠాధిపతుల సమష్టికిని, విశ్వాసుల సమూహమునకును తగిన స్థానమును స్పష్టపరచెను. పుంగనూరి వృత్తాంతమునకు ఈ మాటతో సంబంధము కలదు. ఆనాడు ఎంగిలి యేది, మంగళమేది, ఏ చిహ్నము ఏ దైవమునకు చెందినది అను విషయమున నిజమైన సాక్షులు అచటి తెలుగు క్రైస్తవ స్త్రీపురుషులు. వివాదము నలువది సంవత్సరములు పుదుచ్చేరిలోను రోములోను నడచినది. ప్రతినిధి గురువులను విచారించెను, పోపు గురువుల విన్నపమును వినెను. తాలి కట్టుకొన్నవారి సాక్ష్యము ఆ శాసనములకు ఆధారము కాలేదు.