ఎముకకు ప్రాణమున్నది

పాఠశాలలో వేలాడదీసిన అస్థిపంజరం విద్యార్థుల మనస్సులో ఒక తప్పు అభిప్రాయాన్ని నాటుతుంది. తెల్లగా, పొడిగా, గట్టిగా వుండే ఆ ఎముకలను చూచినవారు శరీరంలోని ఎముక కూడ ఇంటి దూలం వంటిదేనని, బరువు మోయుట తప్ప దానికి వేరే పని లేదని అనుకుంటారు. నిజానికి ఎముక పుడుతుంది, పెరుగుతుంది, అరుగుతుంది, తనను తాను మరల కట్టుకుంటుంది. రక్తం అందకపోతే చచ్చిపోతుంది కూడ. చచ్చిన ఎముకను తిరిగి మొలిపించుటకు నేడు జరుగుతున్న ప్రయత్నాలన్నింటికీ మొదలు ఈ సంగతి తెలియుటే. అది తెలిసిన తీరు విచిత్రమైనది; ఆంధ్ర తీరపు అద్దకపు పనితో దానికి దూరపు చుట్టరికం వున్నది.

గుంటూరు చెంతనున్న నల్లపాడు నుండి పత్తి, మిరప చేలు దాటి సముద్రం వైపు సాగిపోతే నిజాంపట్నం వస్తుంది. ఆ తీరపు ఇసుక నేలల్లో లభించే చిరివేరుకు ఒకప్పుడు గొప్ప గిరాకీ. పటిక పట్టించిన నూలుబట్టను చిరివేరు కషాయంలో కాస్తే ఎన్ని ఉతుకులకూ వదలని ఎరుపు పడుతుంది. 1611లో ఇంగ్లీషు వర్తకులు నిజాంపట్నం, మచిలీపట్నం రేవులకు వచ్చినది ముఖ్యంగా ఈ తీరపు బట్టల కోసమే. ఆ బట్టల పోటీకి తట్టుకోలేక ఇంగ్లండు 1700లోను, 1721లోను నిషేధ శాసనాలు చేసింది. ఈలోగా అక్కడివారు కూడ అద్దకం నేర్చుకున్నారు. చిరివేరుకు బదులు మంజిష్ఠ జాతికి చెందిన ఐరోపా మొక్క వేరును వాడారు. రెంటిలోను ఎరుపునిచ్చే పదార్థం ఒకటే. దాని పేరు అలిజరిన్.

1736లో లండనులోని గైస్ ఆసుపత్రి శస్త్రవైద్యుడు జాన్ బెల్చియర్ ఒక అద్దకందారు ఇంట భోజనానికి వెళ్ళాడు. వడ్డించిన పంది మాంసం మామూలుగానే వున్నది గాని, అందులోని ఎముకలు ఎర్రగా వున్నాయి. ఆరా తీయగా, అద్దిన బట్టలను శుభ్రపరచుటకు వాడిన తౌడునే పందులకు మేపుతున్నారని తెలిసింది. మరొకరైతే నవ్వి ఊరుకునేవారు. బెల్చియర్ ఇంటికి వచ్చి కోడికి మంజిష్ఠ వేరు పెట్టి చూచి, తాను కన్నది అచ్చువేయించాడు.

అది చదివిన ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు దుహమెల్ దు మొన్సో మరికొంత దూరం వెళ్ళాడు. జంతువులకు కొంతకాలం మంజిష్ఠ పెట్టి, కొంతకాలం మాని, మరల పెట్టాడు. తరువాత ఎముకను కోసి చూస్తే ఎరుపు, తెలుపు పొరలు ఒకదానిపై ఒకటి, చెట్టు మానులోని వలయాల వలె కనిపించాయి. అంటే రంగు పడునది అప్పుడే కొత్తగా సున్నం చేరుతున్న భాగానికి మాత్రమే. ఎముక పైభాగాన వెండి తీగ చుట్టి కొన్నాళ్ళకు చూడగా తీగ లోపల చిక్కుకొని వున్నది. ఎముకను కప్పివుండే పొరయే కొత్త ఎముకను పుట్టిస్తున్నదని ఆయన తేల్చాడు. చెట్ల సంగతి తెలిసినవాడు గనుకనే ఈ పోలిక ఆయనకు తట్టివుంటుంది. 1867లో లియోన్ నగరపు శస్త్రవైద్యుడు ఒలియే ఆ పొరను వేరొక చోట నాటి, అక్కడ ఎముక మొలచుట చూపి, ఎముక పునరుత్పత్తిపై పెద్ద గ్రంథమే వ్రాశాడు.

బ్రతికివున్నదానికి ఆహారం కావాలి. శరీరంలో కొన్ని ఎముకల భాగాలకు రక్తం వచ్చే దారులు చాల తక్కువ. తుంటి కీలులోని తొడ ఎముక తల అట్టిది. సాగరు కాలువ చివరి పొలం సంగతి రైతులకు చెప్పనక్కరలేదు; పైన గండిపడితే ముందు ఎండేది అదే. తొడ ఎముక మెడ విరిగినా, స్టెరాయిడు మందులు పెద్ద మోతాదులో చాలకాలం వాడినా, మద్యం మితిమీరినా, కొడవలి కణ వ్యాధి వున్నా ఆ తలకు రక్తం అందక లోపలి కణాలు చచ్చిపోవచ్చు. 2021లో ముంబయి వైద్యులు కోవిడ్ చికిత్సలో స్టెరాయిడ్లు వాడిన కొందరిలో ఈ వ్యాధిని గుర్తించి ప్రకటించారు. (ప్రాణం కాపాడుటకు వైద్యుడు ఇచ్చిన స్టెరాయిడును రోగి తనంతట తాను మానరాదు. ఎవరో చెప్పారని నొప్పికల్లా దానిని మ్రింగుట వేరే సంగతి.)

ఇక్కడ ఒక చిక్కు వున్నది. చచ్చిన ఎముక వెంటనే కూలిపోదు. ఎక్స్‌రేలో కూడ మొదట మామూలుగానే కనిపిస్తుంది. చికాగో శస్త్రవైద్యుడు ఫెమిస్టర్ చూపినట్లు, చుట్టూ వున్న బ్రతికిన ఎముకనుండి రక్తనాళాలు, కణాలు లోనికి ప్రాకుతూ పాతదానిని తొలచి, కొత్తదానిని పేరుస్తాయి. తొలచుట త్వరగా, పేర్చుట మెల్లగా జరిగితే బాగుచేసే పనిలోనే ఎముక బలహీనపడి, నడిచేటప్పటి బరువుకు నలిగిపోతుంది. గుండ్రని తల చదునైతే కీలు అంతటితో చెడినట్లే. వ్యాధి వచ్చేది చాలవరకు నడివయస్సువారికి, అంతకంటె చిన్నవారికి కూడ. కూలికో, చేనుపనికో పోవలసిన వయస్సు అది.

కావున వైద్యుల ప్రయత్నమంతా తల నలగకముందే రక్తాన్ని లోనికి చేర్చుటకే. ఫెమిస్టర్ 1949లో తొడ ఎముక మెడగుండా రంధ్రాలు తొలిచి, కాలి ఎముక ముక్కలను మేకుల వలె దించే పద్ధతిని వివరించాడు. ఫ్రాన్సులో ఫికా, ఆర్లే అనే వైద్యులు 1960లలో ఎముక లోపలి ఒత్తిడిని కొలుస్తూ, పరీక్షకై ఒక కండె తీయగా, రోగుల నొప్పి తగ్గింది. పరీక్షయే చికిత్స అయినది. కలకత్తాకు చెందిన డి. పి. బక్షి కండరంతోను, దాని రక్తనాళాలతోను కూడిన ఎముక ముక్కను తెచ్చి తలలో అమర్చే పద్ధతి ఫలితాలను 1983లోను, 1991లోను ప్రచురించాడు. పిల్లకాలువతో సహా మట్టిని తెచ్చినట్లన్నమాట.

ఇంతలో వేరొక దారి తెరచుకున్నది. 1965లో అమెరికాలో యురిస్ట్ సున్నం తీసివేసిన ఎముకను జంతువు కండరంలో వుంచగా అక్కడ కొత్త ఎముక పుట్టింది. ఇంచుమించు అదేకాలంలో మాస్కోలో ఫ్రీడెన్‌స్టైన్ మూలుగలోని కొన్ని కణాలకు ఎముకను నిర్మించే శక్తి వున్నదని చూపాడు. వీటినే మూలకణాలంటున్నారు. గాజుపాత్రలో పెంచిన ఇట్టి కణాలు నిజంగా ఎముకను కడుతున్నవో లేదో చూచుటకు నేటికీ వాడే రంగు అలిజరిన్ సంబంధమైనదే. సున్నం చేరిన చోట పాత్ర అడుగు చిరివేరు ఎరుపు తేలుతుంది.

ఈ కణాలను రోగులలో వాడినవారిలో పారిస్ చేరువనున్న క్రెతేయ్ ఆసుపత్రి శస్త్రవైద్యుడు ఎర్నిగూ ప్రముఖుడు. కటి ఎముకనుండి మూలుగ తీసి, పాలనుండి వెన్న వేరుచేసే యంత్రం వంటి దానిలో త్రిప్పి, కణాలు అధికంగా వున్న భాగాన్ని తొడ ఎముక తలలోనికి ఎక్కించాడు. 2002లో ఆయన ప్రకటించిన లెక్కలు గమనింపదగినవి. తల నలగకముందు చికిత్స జరిగిన 145 కీళ్ళలో 5 నుండి 10 సంవత్సరాల పరిశీలనలో 9కి మాత్రమే కృత్రిమ కీలు అవసరమైనది. నలిగిన తరువాత చేసిన 44లో 25కు అవసరమైనది. పద్ధతి ఒక్కటే, వైద్యుడు ఒక్కడే. తేడా అంతా వేళలో వున్నది. బెల్జియంలో ఓజూర్ బృందం తల నలిగిన రోగులలో జరిపి 2018లో ప్రకటించిన పోలిక పరీక్షలో కూడ ఈ కణాల వల్ల అదనపు మేలు కనబడలేదు.

మూలకణాలతో ఏ దశలోనైనా ఎముకను బాగుచేస్తామనే ప్రకటనలను ఈ అంకెలతో పోల్చి చూడవలసి వుంటుంది. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలలో రక్తవ్యాధుల వంటి వాటికి చేసే మూలుగ మార్పిడి తప్ప తక్కిన మూలకణ ప్రయోగాలు నియమబద్ధమైన పరిశోధనగానే జరగాలని చెప్పింది.

గజ్జలో మొదలై తొడలోనికి, ఒక్కొక్కప్పుడు మోకాలి వరకు దిగే నొప్పితో వచ్చినవారికి ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోయినా, అనుమానముంటే ఎమ్.ఆర్.ఐ. చేయిస్తారు, తొలిదశ అందులో తెలుస్తుంది. స్టెరాయిడ్ల వంటి కారణాలవల్ల వచ్చినప్పుడు వ్యాధి తరచు రెండు తుంట్లకూ వస్తుంది. ఒకటి నలిగి నొప్పితో వచ్చిన రోగికి, ఏ బాధా లేని రెండవదానిని కూడ పరీక్షిస్తారు. చాలసార్లు వైద్యుడు కాపాడగలిగేది ఆ రెండవదానినే.