ఆర్సీ లేని పాత కారు కొంటున్నారా..? ముందు ఓనర్‌ను పట్టుకోండి!

పాత కారు చీప్‌గా వస్తోంది.. ఆర్సీ మాత్రం లేదు. తర్వాత చూసుకుందాంలే అనుకుంటే చిక్కే. డబ్బులిచ్చి తాళాలు తీసుకున్నంత మాత్రాన కారు చట్టప్రకారం మీదైపోదు. రికార్డుల్లో ఎవరి పేరుంటే వాళ్లే ఓనర్. యాక్సిడెంట్ జరిగితే పరిహారం బాధ్యత కూడా వాళ్లదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అంటే కారు అమ్మేసి వదిలేసినవాళ్లకూ ఇది తలనొప్పే.

మరి ఏం చేయాలి? డూప్లికేట్ ఆర్సీ కొన్నవాళ్లకు ఇవ్వరు. రికార్డుల్లో ఉన్న ఓనరే పోలీసులకు ఫిర్యాదు చేసి, ఆ కాపీతో ఫారం 26 పెట్టుకోవాలి. ఆర్సీ చేతికొచ్చాక ఫారం 29, 30తో మీ పేరు మీదకు ట్రాన్స్‌ఫర్. ఓనర్ చనిపోయి ఉంటే ముందు వారసుల పేరు మీదకు మారాలి, దానికి ఫారం 31.

అసలు తిరకాసు ఫైనాన్స్ దగ్గర. లోన్ ఎప్పుడో తీరిపోయినా రికార్డులో ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉండిపోవచ్చు. కంపెనీ సంతకం పెట్టిన ఫారం 35 ఇస్తేనే అది పోతుంది. కారుకు 15 ఏళ్లు దాటాయా? ఫారం 25తో రెన్యువల్ కూడా తప్పదు.

డబ్బులిచ్చే ముందే ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి చూడండి. ఛాసిస్ మీద అంకెలు రుద్దేసినట్టు కనిపిస్తే మాత్రం.. ఆ కారు జోలికే వెళ్లొద్దు.